మెమరీ కార్డులోకి ఎక్కించుకున్న నవ్వులు

మూడు నిమిషాల కామెడీ బిట్టు, 1.7 ఎంబీ. 2005, 2006 ప్రాంతంలో విశాఖలో జగదాంబ జంక్షన్ నుంచి గాజువాక దాకా సెల్ పాయింట్లలో నవ్వుల బేరం ఇంచుమించు ఈ కొలత మీదే నడిచింది. షాపులో ఒక కంప్యూటరు, దానికి తగిలించిన కార్డ్ రీడరు, డెస్క్‌టాప్ మీద ‘కామెడీ’ అని ఒక ఫోల్డరు. తెరిస్తే లోపల బ్రహ్మానందం, కోట–బాబూమోహన్, ఆలీ, ధర్మవరపు, ఏవీఎస్, ఎమ్మెస్ అంటూ మనుషుల పేర్లతో చిన్న ఫోల్డర్లు. సినిమా పేరు చెప్పి అడిగేవాళ్లు తక్కువ. ‘బ్రహ్మానందం బిట్లు ఎక్కించు గురూ’ అంటే ఆ ఫోల్డరు ఫోల్డరంతా కార్డులోకి పోయేది.

అది చట్టం ఒప్పుకునే వ్యాపారం కాదు, సినిమా తీసినవాళ్లకి అందులో పైసా ముట్టలేదు. ఈ మాట దాటేసి జ్ఞాపకాలు చెప్పుకోవడం న్యాయం కాదు. అయినా ఇవాళ ఫోన్లలో తిరిగే తెలుగు మీమ్, స్టిక్కరు, ముప్పై సెకన్ల స్టేటస్ వీటన్నిటి కత్తిరింపూ ఆ షాపుల్లోనే రూపు కట్టింది. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏది వదిలేసినా నవ్వు మిగులుతుంది అన్న విద్య అక్కడ పని చేసిన కుర్రాళ్ల వేళ్లలో ఉండేది.

బిట్టు పుట్టేది వీసీడీలోంచి. వీసీడీ కొలతలు 1993లోనే ఖాయమయ్యాయి. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో అడ్డం 352, నిలువు 288 చుక్కలు, సెకనుకి 25 ఫ్రేములు. బొమ్మకి సెకనుకి 1150 కిలోబిట్లు, శబ్దానికి 224. ఒక డిస్కులో 74 నిమిషాలు పట్టేది కాబట్టి తెలుగు సినిమా రెండు డిస్కులుగా, నిడివి ఎక్కువైతే మూడు డిస్కులుగా వచ్చేది. కంప్యూటర్లో పెట్టి ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు తెరిస్తే ఏవీఎస్‌ఈక్యూ01 పేరుతో డీఏటీ ఫైలు కనబడుతుంది. సినిమా అంతా దాంట్లోనే. లోపలున్నది మామూలు ఎంపెగ్–1 వీడియోనే, పైన పల్చని తొడుగు మాత్రం వేరు. అందుకే చివర డీఏటీ తీసేసి ఎంపీజీ అని పేరు మారిస్తే చాలా ప్లేయర్లు దాన్ని ఆడించేసేవి.

ఆడించడం సులువే, కాపీ చేయడం దగ్గర చిక్కు. టీవీ కింద పెట్టిన ప్లేయర్లో చక్కగా ఆడే డిస్కు కంప్యూటర్లో సగం కాపీ అయ్యాక ఎర్రర్ చూపించి ఆగిపోయేది. దీనికి కారణం డిస్కు రాసిన పద్ధతిలోనే ఉంది. మామూలు డేటా సీడీలో ప్రతి సెక్టారులో, అంటే డిస్కు మీది ఒక్కో చిన్న గడిలో, 2048 బైట్ల సరుకు పెట్టి, మిగతా చోటు తప్పులు సరిదిద్దే సంకేతాలకి వదులుతారు. వీసీడీలో ఎక్కువ సినిమా పట్టాలని ఆ సంకేతాలు తగ్గించి సెక్టారుకి 2324 బైట్లు నింపారు. గట్టి గీత పడితే సరిదిద్దుకునే దారి ఇంచుమించు లేదు. ప్లేయరైతే చెడిన ముక్క దగ్గర నాలుగు గళ్లు చూపించి ముందుకు వెళ్లిపోతుంది, విండోస్ కాపీ మాత్రం అక్కడే మొండికేస్తుంది. తెలిసిన షాపువాళ్లు కాపీ–పేస్ట్ జోలికి పోకుండా ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు తీసేవారు. ఇప్పుడు ఇంట్లో పాత వీసీడీలుంటే ఇదే దారి పట్టండి. డిస్కుని మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. గుండ్రంగా పడిన గీత ఒకే ట్రాకు వెంట చాలా దూరం పోయి వరసగా డేటా తినేస్తుంది, అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే చెరుపుతుంది.

వీసీడీలో మూడు నిమిషాలు దాదాపు 31 ఎంబీ. 2003లో వచ్చిన నోకియా 6600కి తోడుగా ఇచ్చిన కార్డు 32 ఎంబీ. అంటే కార్డంతా కలిపితే ఒక్క సీను. అక్కడి నుంచి 1.7 ఎంబీకి దించాలంటే పద్దెనిమిదో వంతుకి కుదించాలి, ఆ పని త్రీజీపీ ఫైలు చేసింది. బొమ్మ 176 అడ్డం, 144 నిలువు, హెచ్.263 పద్ధతిలో సెకనుకి 64 కిలోబిట్లు. శబ్దానికి ఏఎంఆర్ పద్ధతిలో 12.2 కిలోబిట్లు. రెండూ కలిపి 180 సెకన్లకి లెక్క కడితే 1.7 ఎంబీ తేలుతుంది. ఆ 32 ఎంబీ కార్డులో పద్దెనిమిది బిట్లు పట్టాయి. తర్వాత ఒక జీబీ కార్డులు వచ్చాక ఐదు వందల పైచిలుకు పట్టాయి, ఫోల్డరు మొత్తం ఎక్కించే అలవాటు అప్పుడు మొదలైంది.

కుదింపులో ఏం పోయేదో, ఏం మిగిలేదో చూస్తే తెలుగు కామెడీ ఎక్కడ బతుకుతుందో అర్థమవుతుంది. ముందు బొమ్మ సంగతి. సినిమాస్కోప్ బొమ్మని వీసీడీలో పైనా కిందా నల్ల పట్టీలతో పెట్టేవారు. 288 గీతల్లో అసలు సినిమాకి దక్కేది 163 మాత్రమే. దాన్ని అలాగే ఫోన్ కొలతకి దించితే 144లో 82 గీతలు మిగులుతాయి. ఆ 82 గీతల్లో నలుగురు మనుషులు నిలబడితే ఎవరి ముఖమూ ముఖంలా ఉండదు, కనుబొమ్మ ఎగరేసినా కనబడదు. పనితనం తెలిసినవాళ్లు నల్ల పట్టీలతో పాటు పక్కలు కూడా కోసేసి, మాట్లాడే మనిషి ముఖం నిండుగా వచ్చేలా బిట్టు తయారు చేసేవారు. దాంతో బ్రహ్మానందం కళ్లు రెండంగుళాల తెర మీద కూడా పలికేవి. కానీ తిట్టేవాడు ఒక అంచున, తిట్లు తినేవాడు ఇంకో అంచున ఉన్న షాట్లలో ఒకణ్ణి కోసేయాల్సి వచ్చేది. అలాంటప్పుడు మాట్లాడేవాణ్ణి వదిలేసి వినేవాడి ముఖం ఉంచడమే సరైన పని. మాట ఎలాగూ వినబడుతుంది, నవ్వు తెప్పించేది విన్నవాడి ముఖం.

ఫ్రేముల లెక్క దగ్గర చాలామంది తప్పటడుగు వేసేవారు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోని 15కి మార్చమని సాఫ్ట్‌వేర్‌లో పెడితే లెక్క సమంగా తెగదు. కొన్ని చోట్ల ఒక ఫ్రేము ఎగిరిపోయి, కొన్ని చోట్ల ఏదీ పోక కదలిక కుదుపుగా ఉంటుంది. పైగా అప్పటి కన్వర్టర్లు కొన్ని మాటకీ పెదవికీ మధ్య దూరం పెంచుకుంటూ పోయేవి, మూడో నిమిషానికి చెంపదెబ్బ చప్పుడు ముందు, చెయ్యి తర్వాత. 12.5 అని పెడితే సరిగ్గా ఒకటి విడిచి ఒకటి ఉంటుంది, కదలిక మందంగా ఉన్నా సమంగా ఉంటుంది. కామెడీకి ఈ సమం చాలా అవసరం. పాట అర సెకను అటూ ఇటూ జరిగినా జనం సర్దుకుంటారు, పంచ్ జరిగితే నవ్వే పోతుంది.

ఇక శబ్దం. అసలు విషయం ఇక్కడే ఉంది. ఏఎంఆర్ అనేది సెల్‌ఫోన్ సంభాషణ కోసం తయారైన పద్ధతి. సెకనుకి 8000 నమూనాలే తీసుకుంటుంది, దాదాపు 3400 హెర్ట్జ్ దాటిన ధ్వని దాంట్లోకి రాదు. మనిషి గొంతు ఎలా పుడుతుందో ఊహించి, 20 మిల్లీసెకన్ల ముక్కలుగా ఆ ఊహనే రాసి పెడుతుంది. గొంతు వస్తే బాగా పట్టుకుంటుంది. వయొలిన్లు, తబలా, కోరస్ కలిసి వస్తే దానికి దిక్కు తోచదు, గరగరలాడిస్తుంది. అందుకే ఆ రోజుల్లో త్రీజీపీ పాటలు రెండోసారి వినాలనిపించేవి కావు, కామెడీ బిట్లు మాత్రం వందోసారి కూడా వినేవారు. స, శ, ష లాంటి ఊదుడు అక్షరాల పదును 3400 పైన ఉంటుంది కాబట్టి అవి కొంచెం ఒకదానికొకటి కలిసిపోయేవి, అచ్చులూ ముక్కు ధ్వనులూ చెక్కుచెదరలేదు. ‘ఏటీ?’ అని ఉత్తరాంధ్ర సాగదీతతో అడిగిన ప్రశ్న 12.2 కిలోబిట్లలో కూడా అదే సాగదీతతో మిగిలింది. యాస అంటే ప్రధానంగా అచ్చుల పొడవూ గొంతు ఎత్తుపల్లాలే కాబట్టి ఆ సన్నటి గొట్టంలోంచి యాస నిక్షేపంగా బయటికి వచ్చింది. తెలుగు హాస్యం మాట మీద, మాటకీ మాటకీ మధ్య వదిలే జాగా మీద నిలబడింది. ఆ రెండూ సాంకేతికత ఎంత పిసినారిదైనా దక్కాయి.

బిట్టు ఎక్కడ మొదలవ్వాలన్నది వేరే విద్య. ఫైలు చిన్నదవ్వాలని పంచ్ దగ్గరే మొదలెడితే ముందు కథ తెలియనివాడు నవ్వడు. పంచ్‌కి ముందు కనీసం రెండు మాటలు, అంటే అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన తప్పుడు జవాబు ఉండాలి. పంచ్ తర్వాత ఒకటిన్నర సెకను వదలాలి. మన సినిమాల్లో చెంపదెబ్బ పడ్డప్పుడు కన్నా దెబ్బ తిన్నవాడు కెమెరా వైపు చూసినప్పుడు నవ్వు ఎక్కువ పుడుతుంది. ఆ చూపు కోసేసిన బిట్లు ఎన్నో ఊరంతా తిరిగాయి, ఎవరి చేతా రెండోసారి తెరిపించుకోలేకపోయాయి. కత్తిరించే పద్ధతిలోనూ తేడాలుండేవి. వీసీడీ వీడియోలో పూర్తి బొమ్మ ఉన్న కీ ఫ్రేము దాదాపు అర సెకనుకొకటి వస్తుంది కాబట్టి నాణ్యత పోకుండా అర సెకను ఖచ్చితంతో ఎక్కడైనా కోయవచ్చు. ఒకసారి త్రీజీపీ అయ్యాక కీ ఫ్రేములు బాగా ఎడంగా ఉంటాయి. వాటి మధ్యలో కోస్తే మొదటి రెండు మూడు సెకన్లు బొమ్మ బూడిదరంగులో చెదిరి ఉంటుంది. అందుకే వీసీడీ దగ్గరే కోసి, తర్వాత కుదించాలి. వరస తప్పితే ఫలితం తప్పుతుంది.

కార్డు నిండాక పంపకాలు. ఇన్‌ఫ్రారెడ్ ఉన్న ఫోన్లు ఎదురెదురుగా, మీటరు లోపు పెట్టి కదపకుండా ఉంచాలి. దాని వేగం సెకనుకి 115 కిలోబిట్లు, ఒక బిట్టుకి రెండు నిమిషాల పైనే. మధ్యలో ఎవరి చెయ్యి అడ్డొచ్చినా మళ్లీ మొదటికి. బ్లూటూత్ వచ్చాక అదే బిట్టు అర నిమిషం పైచిలుకులో చేరిపోయేది, ఎదురెదురుగా పెట్టే పని లేదు, పది మీటర్ల దాకా పర్వాలేదు. విశాఖ నుంచి రాత్రంతా హైదరాబాద్ ప్రయాణించే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఇది బాగా కలిసొచ్చింది. అనకాపల్లి దాటేలోపు బోగీలో బ్లూటూత్ ఆన్ చేసిన ఫోన్ల పేర్ల జాబితా చాంతాడంత కనబడేది. డేటా ఖర్చు లేదు, సిగ్నల్ అక్కర్లేదు. పక్కవాడి ఫోన్లో నవ్వు వినబడితే ‘అది నాకూ పంపండి బాబూ’ అని అడగడమే.

ఎంఎంఎస్ మాత్రం వేరే లెక్క. దాని గరిష్ఠ పరిమితి సాధారణంగా 300 కేబీ. పైన చెప్పిన నాణ్యతలో అది 31 సెకన్లకి సరిపోతుంది. ఆ అర నిమిషం గుర్తు పెట్టుకోండి, పదేళ్ల తర్వాత ఇంకో వేషంలో వస్తుంది.

బ్లూటూత్‌తో జబ్బులూ వచ్చాయి. 2004లో క్యాబిర్, 2005లో కామ్‌వారియర్ అనే పురుగులు సింబియన్ (అప్పటి నోకియా లాంటి ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఫోన్ల మధ్య పాకాయి. రెండోది ఎంఎంఎస్ ద్వారా కూడా పోయేది. చివర ఎస్‌ఐఎస్ అని ఉన్న ఫైలు వీడియో కాదు, అది ఫోన్లో దిగి కూర్చునే ప్రోగ్రాము. కామెడీ అనుకుని ‘ఎస్’ నొక్కితే ఫోన్ బ్యాటరీ ఇట్టే అయిపోతూ చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ అదే పంపుతూ కూర్చునేది. షాపు కంప్యూటర్లలో ఇంకో రకం ఉండేది: ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో ప్రోగ్రాము ఫైలు పెట్టే వైరసు. ఇప్పుడు పాత కార్డు తెరిచినప్పుడు ‘బ్రహ్మానందం’ ఫోల్డరు సైజు కొన్ని వందల కేబీలే చూపిస్తే, దాన్ని నొక్కకండి. దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మారిస్తే అసలు ఫోల్డరు పక్కనే ఉంటుంది.

రింగ్‌టోన్ల దగ్గరకి వస్తే విశాఖవాళ్లు కొండవలస లక్ష్మణరావుని తలుచుకోకుండా ఉండలేరు. శ్రీకాకుళం జిల్లా మనిషి, విశాఖ పోర్టులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసి, 2002లో సినిమాలో పలికిన ‘ఐతే ఓకే’ అనే రెండే మాటల ఊతపదంతో రాష్ట్రమంతా తెలిశారు. 2015లో పోయారు. ఆ రెండు మాటలూ రింగ్‌టోన్‌కి పుట్టినట్టుండేవి: పొట్టిగా ఉన్నాయి, గొంతు ఎత్తులో ఉంది, వెనకాల సంగీతం లేదు. డైలాగు రింగ్‌టోన్ చేసేటప్పుడు తెలియాల్సిన సంగతులివి. ఫోన్ స్పీకరు 300 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని పలకలేదు, కానీ ఆ బరువంతా స్పీకరుని వణికిస్తుంది. అందుకని ఆడాసిటీ అనే, శబ్దం ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో హై–పాస్ ఫిల్టరు 300 దగ్గర పెట్టి కింది శబ్దం తీసేశాకే వాల్యూమ్ పెంచాలి. అప్పుడు పగలకుండా గట్టిగా వినబడుతుంది. మాట మొదట్లో, చివర్లో పది మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే ‘టక్’మని చప్పుడు రాదు. చివర ఒక సెకను ఖాళీ వదిలితే, మళ్లీ మళ్లీ మోగినప్పుడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి దొరుకుతుంది. అది వదలకపోతే ఎంత మంచి డైలాగైనా మూడో మోతకి చిరాకు పుట్టిస్తుంది.

ఇదంతా ఫోన్లతోనే మొదలైందనుకోవడం పొరపాటు. చూడకుండా సినిమా వినే అలవాటు మనకి అంతకుముందే ఉంది. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, పెళ్లిళ్ల మైకు సెట్లలో సినిమా మాటల క్యాసెట్లు మోగేవి. బొమ్మ లేకుండా హాస్యం నిలబడుతుందని తెలిసిన చెవులే తర్వాత ఏఎంఆర్ గొంతుకి అలవాటు పడ్డాయి. ఆ క్యాసెట్లు ఇంకా అటకల మీద ఉంటాయి. సముద్రం పక్క ఊళ్లో వాటికి పెద్ద శత్రువు బూజు; రీలు అంచున తెల్లటి పొడిలా కనబడుతుంది. బూజు పట్టిన క్యాసెట్ నేరుగా ప్లేయర్లో పెడితే హెడ్డుకీ, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. ముందు విడిగా, పాత ప్లేయర్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి తిప్పి, ఆ ప్లేయరుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. మాట మూసుకుపోయినట్టు వినబడితే రెండు కారణాలుంటాయి. రీలుని హెడ్డుకి ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉండొచ్చు. వేరే క్యాసెట్ నుంచి తీసి అతికిస్తే సరిపోతుంది. లేదా రికార్డు చేసిన యంత్రానికీ మీ యంత్రానికీ హెడ్డు వాలు కుదరలేదు; హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ స, శ లు పదునుగా వినబడే చోట ఆపాలి. కంప్యూటర్లోకి లైన్–ఇన్ ద్వారానే తీసుకోవాలి, మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది. అతి ఎత్తు శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసి, వేవ్ గానో ఫ్లాక్ గానో భద్రం చేయాలి.

విశాఖవాళ్లకి పాత కామెడీ సీన్లలో ఇంకో నిధి ఉంది. జంధ్యాల తన హాస్య చిత్రాలు చాలావరకు ఈ ఊళ్లోనే తీశారు. సుత్తి వేలు, శ్రీలక్ష్మి మాట్లాడుతుంటే వెనకాల కనబడే మేడ, రోడ్డు మలుపు, జనం లేని బీచ్ రోడ్డు, అవన్నీ 1980ల విశాఖ. ఫోన్ కోసం పక్కలు కోసిన బిట్లలో ఆ ఊరు పోయింది. చిన్న తెరకి ఆ కోత అవసరమే, కానీ దాచుకునే ప్రతి మాత్రం నిండు ఫ్రేముతో ఉండాలి. ముఖం కోసం కోసింది వేరు, ఊరి కోసం ఉంచింది వేరు, రెండూ కావాలి.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక కార్డులు ఎక్కించే షాపుల పని చాలావరకు తీరిపోయింది. వాట్సాప్ 2017 ఫిబ్రవరిలో తెచ్చిన స్టేటస్‌లో వీడియో పరిమితి 30 సెకన్లు, ఎంఎంఎస్ నాటి అర నిమిషమే. 2020లో లాక్‌డౌన్ మొదట్లో నెట్‌వర్క్ మీద బరువు తగ్గించడానికి మన దేశంలో దాన్ని కొన్నాళ్లు 15 సెకన్లకి కుదించారు. ఆ 15 సెకన్లలో మొదట బలైంది పంచ్ తర్వాతి చూపే. 2024లో నిమిషానికి పెంచారు.

2018 అక్టోబరులో వచ్చిన స్టిక్కర్లు బిట్టుని ఇంకా పిండేశాయి. మాట కూడా పోయి చూపు ఒక్కటే మిగిలింది. స్టిక్కరు 512కి 512 చుక్కలు, వెబ్‌పీ ఫైలు, 100 కేబీ లోపు. కదిలేదైతే 500 కేబీ లోపు, పది సెకన్లకి మించకూడదు. మనిషి చుట్టూ 8 చుక్కల తెల్ల అంచు, బయట 16 చుక్కల ఖాళీ ఉంటే నల్ల తెర మీదా తెల్ల తెర మీదా ముఖం విడిగా కనబడుతుంది. జుట్టు నల్లగా ఉన్నవాళ్ల స్టిక్కర్లకి ఆ అంచు లేకపోతే డార్క్ మోడ్‌లో తల మాయమైపోతుంది. ఒక ప్యాకులో కనీసం మూడు, గరిష్ఠంగా ముప్పై. బ్రహ్మానందం ఒక్కరి ముఖాలతోనే ఎన్ని ముప్పైలు నిండాయో!

మీమ్ మీద తెలుగు రాయడం మాత్రం చాలాకాలం కష్టపెట్టింది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసింది బొమ్మగా సేవ్ చేస్తే బాగుంటుంది, అదే అక్షరాలు కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే పద్ధతి) కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన పద్ధతి. యూనికోడ్ ఫాంట్లు, రామరాజ, ధూర్జటి, మండలి, సురవరం లాంటివి ఉచితంగా దొరికాక ఇంకో చిక్కు వచ్చింది: ఫోటోషాప్‌లో వత్తులు కింద చేరకుండా పక్కన పడేవి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్–రెడీ లేఅవుట్ పెట్టి, కొత్తగా ఫైలు తెరిస్తే వత్తులు చోటికి వచ్చేవి. ఫోన్లో పిక్సెల్‌ల్యాబ్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు, అక్షరాలు కూర్చే పని ఆండ్రాయిడే చూసుకుంటుంది.

2018 ఫిబ్రవరిలో మన లిపి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, నోటిఫికేషన్లో వస్తే తెర మొత్తం మళ్లీ మొదలయ్యేది. ఆ అక్షరం జ కింద ఞ వత్తు, పైన దీర్ఘం. మనం మామూలుగా టైపు చేసే రూపానికి ఏమీ కాదు. వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చొరబడినప్పుడే ఆపిల్ అక్షరాలు పేర్చే భాగం తికమకపడి కుప్పకూలేది. ఎక్కడెక్కడివాళ్లో స్నేహితుల్ని ఆటపట్టించడానికి తెలుగు అక్షరం కాపీ చేసుకున్నారు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో సర్దుకుంది.

ఇప్పుడు ఇళ్లలో మిగిలిన కార్డుల సంగతి, ఇది వాయిదా వేయకూడని పని. ఫ్లాష్ మెమరీలో సమాచారం చిన్న విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకుండా పెడితే అది నెమ్మదిగా జారిపోతుంది. పైగా విశాఖ ఉప్పుగాలికి కార్డు పలకలు మసకబారతాయి. ముందు మెత్తటి తెల్ల రబ్బరుతో పలకల్ని తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పాత ఎంఎంసీ కార్డు పల్చన, కానీ చాలా ఎస్‌డీ రీడర్లలో పడుతుంది. సగం పొడుగున్న రకానికి పొడిగించే తొడుగు కావాలి, అది లేకుండా తోస్తే లోపల ఇరుక్కుంటుంది. కంప్యూటరు ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగితే వద్దనండి. నోకియాలో కార్డుకి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే కంప్యూటరు దాన్ని చదవలేదు, అదే ఫోన్లో పెట్టి తాళం తీయాలి. అందుకని ఫోన్ చార్జింగ్ ఎక్కకపోయినా అమ్మేయకండి, బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతుంది.

చదవగలిగిన వెంటనే ఫైళ్లు తెరిచి చూడాలన్న ఆత్రం ఆపుకుని, డీడీరెస్క్యూ లాంటి దానితో కార్డు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. కొన ఊపిరితో ఉన్న కార్డు ఎన్నిసార్లు చదివిస్తే అంత అరుగుతుంది. తర్వాత పని అంతా ఆ ఇమేజ్ మీదే. చెరిపేసిన బిట్లు కూడా ఫోటోరెక్‌తో చాలావరకు బయటికి వస్తాయి, పేర్లు మాత్రం పోతాయి. ఎనిమిది జీబీ అని రాసి ఉన్న కార్డులో సగం ఫైళ్లు సున్నాలే చూపిస్తే అది నకిలీ కార్డు, అసలు సామర్థ్యం దాటాక రాసినవి ఎప్పుడూ దాంట్లో లేవు. వాటికోసం వెతకడం వృథా.

కొత్త ఫోన్లో త్రీజీపీ తెరిస్తే బొమ్మ కదిలి మాట రాకపోవచ్చు. ఫైలు చెడిపోలేదు, ఏఎంఆర్ చదివే భాగం ఆ ప్లేయర్లో లేదు, అంతే. వీఎల్‌సీలో వినబడుతుంది. పంచుకోవడానికి ఎంపీ4 ప్రతి చేసుకునేటప్పుడు 176కి 144ని సరిగ్గా నాలుగు రెట్లు, 704కి 576కి పెంచి, నిష్పత్తి 4:3 అని పెట్టండి. లేకపోతే ముఖాలు నిలువుగా సాగినట్టు కనబడతాయి. బొమ్మని నునుపు చేసే ఏఐ ఫిల్టర్లు ఈ కొలతలో పనికిరావు, లేని కనుబొమ్మలు గీసి కమెడియన్ చూపునే మార్చేస్తాయి. అసలు ఫైలుని ముట్టుకోకుండా అలాగే ఉంచాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద పడ్డప్పుడు ఎన్నో ఇళ్లలో సీడీ డబ్బాలు నానిపోయాయి. తడిసిన డిస్కులు మురికితోనే ఆరిపోతే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ధారగా పడే మంచినీళ్ల కింద కడిగి, నిలువుగా పెట్టి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే వంగుతాయి. అట్ట కవరు అంటుకుపోతే లాగకుండా నీళ్లలో నానబెట్టి వదిలించాలి. పేర్లు రాసిన వైపు గీకకండి. సీడీలో సమాచారం ఉన్న లోహపు పొర ఆ వైపే, పల్చటి లక్క కిందే ఉంటుంది.

ఫైళ్లకి ‘కామెడీ 1’, దాని కాపీకి ‘కామెడీ 1 (2)’ అనే పాత పేర్లు వదిలేసి నటుడి పేరు, సినిమా పేరు, ఏ వీసీడీ లేదా కార్డు నుంచి వచ్చిందో, ఏ ఏడాది తీశారో రాయండి. ఒకే బిట్టు పది కార్డుల్లో ఉంటుంది, చెక్‌సమ్ (ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) చూస్తే అచ్చంగా ఒకటే అయినవి తేలిపోతాయి. కానీ ఒకే సీనుని వేర్వేరు షాపులు వేర్వేరు చోట కోసి ఉంటే అవన్నీ ఉంచండి, కోత తేడా కూడా దాచదగిందే. ఒక ప్రతి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర. హార్డ్ డిస్కు పెట్టిన డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, ఏటా వానాకాలానికి ముందు మార్చండి.